బస్సుకు ముగ్గేసిన అవ్వ

అవ్వ చనిపోయిన రోజు నేను ఆమె చివరి చూపుకు ఆటోలో వెళ్లాను. బతికుండగా ఈ పని చేసి ఉంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

కావాలని చేసింది కాదు. వికారాబాద్‌లో నేను ఇంకా చాయ్ పొయ్యి మీద పెట్టకముందే మా అమ్మ ఫోన్ చేసింది. "అవ్వ పోయింది బిడ్డా" అని ఒక్క మాట చెప్పి ఏడుపు అందుకుంది. ఆఫీసుకు సెలవు చెప్పి, దొరికిన రైలెక్కి తాండూరులో దిగేసరికి మా ఊరి పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. మళ్లీ సాయంత్రమే. స్టేషన్ బయట ఒక ఆటో కనబడితే ఎక్కి కూర్చున్నాను. అది కదిలితేగా! డ్రైవరు రోడ్డు మీద నిలబడి యాలాల్, యాలాల్ అని అరుస్తూనే ఉన్నాడు. "ఇంక ఇద్దరు రానియ్యి మేడం" అంటాడు. ఇద్దరు వస్తే, "ఇంకొక్కరు" అంటాడు. అట్లా మోకాళ్లు ముడుచుకుని, పక్కామె ఉల్లిగడ్డల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ దుఃఖంలో కూడా నాకు నవ్వొచ్చింది. అవ్వ మాట చెవిలో వినబడింది.

"ఆటో మంది నిండితె కదులుతది. బస్సు యాళ్లయితె కదులుతది. సదువుకునే పిల్లలకు యాళ్లకు కదిలేది గావాలె."

ఆమె నాకు చుట్టం కాదు. ఊరందరికీ అవ్వే. మా నాయనకూ అవ్వే, నాకూ అవ్వే, నిన్నగాక మొన్న మాటలు నేర్చిన పిల్లలకూ అవ్వే. ఇతరుల చేలల్లో కంది కోసి, కలుపు తీసి బతికిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. గొంతు మాత్రం మనిషికి సరిపడేది కాదు. ఊరికి ఈ కొసన ఆమె మాట్లాడితే ఆ కొసన కుక్కలు లేచి కూర్చునేవి. నిజానికి మా ఊరికి కొసలు కూడా దగ్గరదగ్గరే. యాలాల్ దాటాక మెయిన్ రోడ్డు వదిలి, నిలువుగా పాతిన నాపరాళ్ల గోడల మధ్య నుంచి లోపలికి వస్తే మా ఊరు. కొత్తగా వచ్చినవాళ్లు ఊరు ఎప్పుడు మొదలైందో చూసుకునేలోపల దాటిపోతారు.

అంత చిన్న ఊరికి బస్సు రావడమే గొప్ప. వచ్చిన బస్సు నిలవడం ఇంకా గొప్ప. అది నిలిచిందంటే అవ్వ వల్లే.

బడి ముందర, బస్సు వెనక్కి తిరిగే చోట, ఒక నాపరాయి బల్ల ఉండేది. రోజూ పొద్దున తన వాకిలి ఊడ్చుకున్నాక అవ్వ చీపురు పట్టుకుని అక్కడికి వచ్చేది. ఆ జాగా అంతా ఊడ్చి, పేడనీళ్లతో సాన్పి చల్లి, మధ్యలో ముగ్గు వేసేది. కాసేపటికి బస్సు వచ్చి, సరిగ్గా ఆ ముగ్గు మీదే చక్రాలు తిప్పుకుని నిలబడేది. "ఎందుకవ్వా, రోజూ తొక్కిపోతది గద?" అని మేం నవ్వేవాళ్లం.

"తొక్కనీకే ఏసిన. తొక్కకుంటె ఆ రోజు రానట్టు గాదా?" అనేది.

వాగు మలుపు దగ్గర హారన్ వినబడగానే లేచి నిలబడేది. దారికి అడ్డంగా పడుకున్న బర్రెలను అదిలించేది. "జరుగుండ్రి, జరుగుండ్రి. బస్సొస్తుంది. మీకేం పని గీడ, మీరెక్కుతరా?" బర్రెలు కూడా ఆమె మాట వినేవి. ఊళ్లో మాట విననివాడు ఒక్కడే ఉండేవాడు, ఆమె కొడుకు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

సాయంత్రం బస్సు తాండూరుకు తిరిగి పోయేటప్పుడు ఇంకో తంతు. డ్రైవరు కిటికీ కింద చేరి, బస్సు రేకు మీద అరచెయ్యి ఆనించి అడిగేది. "పొద్దుగాల టైముకు రావాలె."

"వస్త అవ్వా" అనాలి ఆయన. అనేదాకా చెయ్యి తీయదు. ఒక డ్రైవరు ఆటపట్టిద్దామని నోరు మెదపకుండా గేరు వేశాడు. అవ్వ నింపాదిగా నడిచి వెళ్లి బస్సు ముందర నిలబడింది. ఆయన కిందికి దిగొచ్చి, "వస్త తల్లీ, నీ కాల్మొక్త, వస్త" అన్నాక పక్కకు జరిగింది. ఆ రోజు ఆయనకు జొన్న రొట్టె, పుంటికూర మూటగట్టి ఇచ్చింది కూడా.

అయితే మా ఊరి కష్టం వేరు. సంత రోజు మనుషులు బస్సు కిటికీల్లోంచి ఎక్కేవాళ్లు. మిగతా రోజుల్లో తాండూరు బడికి పోయే మేం కొద్దిమంది ఆడపిల్లలం తప్ప ఎక్కేవాళ్లు ఉండరు. ఉన్న మంది ఎంతని? వాళ్లందరికీ ఒకేరోజు పనులుంటే మిగతా వారమంతా సీట్లు వెలవెలబోవా? అవ్వ దానికి ఒక ఉపాయం కనిపెట్టింది. ఊరి పనులను వారమంతా పరిచేసింది.

పొద్దు వాలేటప్పుడు ఇల్లిల్లూ తిరిగేది. మా ఇంటికి వచ్చి మా నాయన మీద పడేది.

"నీ కండ్లద్దాలు ఇరిగినయి గద, ఎప్పుడు చేపిస్తవ్?"

"సంతనాడు పోతనవ్వా."

"సంతకు ఊరంత పోతది. నువ్వు రేపు పో."

"రేపు చేన్ల పనుంది."

"కండ్లు కనవడకుంటె చేన్ల ఏం పని చేస్తవ్? కందిచెట్టేదో గడ్డేదో తెలువకుంట పీకుతవా? రేపు పో."

నాయన పోయేవాడు. ఒకరికి పంటి నొప్పి, ఒకరికి తెగిన చెప్పు, ఒకరికి అనంతగిరి మొక్కు, అన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. పంటి నొప్పితో మూలుగుతున్న ఒకాయనను బేస్తవారం దాకా ఓర్చుకోమందని ఊళ్లో చెప్పుకుని నవ్వేవాళ్లు. నిజమో కాదో నాకు తెలియదుగానీ, ఆమె అడగగల మనిషే. "ముసల్దానికి దేవునికంటె బస్సే ఎక్కువ" అని మా అమ్మ గొణిగేది. గొణుగుతూనే, అవ్వ చెప్పిన రోజుకు చీర మార్చుకుని తయారయ్యేది.

ఎవరైనా ఎదురు మాట్లాడితే ఒకటే జవాబు. "ఇంటికొచ్చిన ఆడబిడ్డను ఒట్టి ఒడితోటి సాగదోలుతమా? ఒడిబియ్యం పోసి పంపుతం గద! బస్సు గూడ గంతె. ఖాళీగ పోవద్దు." ఒడిబియ్యం మాట ఎత్తాక మా ఊరి ఆడవాళ్లలో ఎవరు కాదంటారు?

ఊళ్లో బిడ్డ పుడితే చూడ్డానికి వచ్చి, "హాఫ్ టికెట్టు ఒచ్చింది" అని మురిసిపోయేది. ఒక కుటుంబం హైదరాబాద్‌కు కూలి పనికి తరలిపోతే రెండు రోజులు అన్నం సయించేది కాదు. వాళ్ల తాళం వేసిన ఇంటి ముందు నిలబడి, "సీట్లు ఖాళీ జేసి పోయిండ్రు" అని తిట్టేది. తిట్టు వాళ్లకు వినబడదు కాబట్టి మాకు వినిపించేది.

ఇక కొడుకు సంగతి. ఆమె కొడుకు ఆటో కొన్నాడు. ఊరి నుంచి తాండూరుకు నడుపుకుంటే బతుకు గడిచిపోతుందని వాడి లెక్క. తల్లి తన మొదటి బేరం అవుతుందనుకున్నాడు పాపం. అవ్వ ఆ ఆటోకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. ఎక్కలేదు. వాడి ఆటోలో కూర్చున్నవాళ్లను కూడా దింపి బస్సెక్కించింది.

"అమ్మా, నా కడుపు గొడుతున్నవ్" అని వాడు నడి ఊళ్లో అరిచాడు.

"మెయిన్ రోడ్డు మీద నడుపుకో కొడుకా. గాడ మస్తు మందున్నరు. మనూరోళ్లు బస్సుకే సాలరు."

"ఊళ్లె ఉన్నోళ్లందరికి జెప్పుతున్న, మా అమ్మకు బస్సే కన్నకొడుకు. నేను సవతి కొడుకును."

వాడు మెయిన్ రోడ్డుకే పోయాడు, అక్కడ బాగానే కుదురుకున్నాడు. అన్నం తల్లి చేతిదే తినేవాడు. బస్సు మాటెత్తితే మాత్రం పళ్లెం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఎందుకింత పంతం అని ఒకసారి నాపరాయి బల్ల మీద పక్కన కూర్చుని అడిగాను. ఆమె ముగ్గు డబ్బా మూత బిగిస్తూ చెప్పింది. "నాకొక బిడ్డ ఉంది గద. మస్తు సదివేది. మన బడిల అయిదు అయిపోయినంక తాండూరు పంపుదమంటె బస్సు లేదు. ఒక్కదాన్ని గంత దూరం నడిపిస్తనా? కలుపుకు తోలుకపోయిన." ఆ బిడ్డను కర్ణాటక సరిహద్దు అవతలి ఊరికి ఇచ్చారు. పుట్టింటికి వచ్చినప్పుడల్లా తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది. మా పుస్తకాలు తీసుకుని అట్టలు నిమిరి ఇచ్చేసేది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు గండం వచ్చింది. ఒకరోజు కండక్టరు అవ్వను పక్కకు పిలిచి చెప్పాడు. "అవ్వా, రేపు పొద్దుగాల మా పెద్దసారు ఈ బస్సుల వస్తుండు. మంది ఎక్కుతలేరని మీ ఊరి ట్రిప్పు బంద్ జేసే మాట నడుస్తుంది."

అవ్వ ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి ఎవరికీ పని చూపించలేదు. "రేపు అందరెక్కాలె" అంది, అంతే.

మర్నాడు ఊరు ఊరంతా కదిలింది. నాపరాయి గనులకు పోయేవాళ్లు పని మానుకున్నారు. ఆడవాళ్లు పెట్టెల్లోంచి పట్టుచీరలు తీశారు. చంకన పిల్లలు, చేతిలో సద్దిమూటలు. మంచం పట్టిన ముసలాయనను కూడా లేపి మధ్య సీట్లో కూర్చోబెట్టారు. అవ్వ కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆమె బస్సు లోపల కూర్చోగా చూడటం నాకు అదే మొదలు. అంతకుముందు ఎవరు ఎక్కమన్నా, "నేనెక్కితె దీన్ని సాగదోలేదెవ్వరు?" అనేది.

ఆ రోజే మా పదో తరగతి మొదటి పరీక్ష. తాండూరులో సెంటరు. మేం రోజూ వచ్చే వేళకే అట్టలు పట్టుకుని వచ్చాం. చూస్తే బస్సులో కాలు పెట్టే చోటు లేదు. మెట్ల మీద కూడా మనుషులే. మా కోసం బస్సును నిలబెడదామని ఊరంతా ఎక్కి, మాకు చోటు లేకుండా చేశారు! ఇంత తెలివైన తెలివితక్కువ పని మా ఊరివాళ్లు తప్ప ఎవరూ చెయ్యలేరు. నేను తలుపు కమ్మీ పట్టుకుని మెట్టు మీద ఒక కాలు మోపాను. లోపలి నుంచి ఎవరిదో మోచెయ్యి తగిలి అట్ట కింద పడింది. నాకు ఏడుపొచ్చింది.

పెద్దసారు డ్రైవరు పక్కన నిలబడి ఉన్నాడు. ఇంత మందిని చూసి ఆయన ముఖంలో ఆశ్చర్యం, సంతోషం రెండూ ఉన్నాయి. కండక్టరు కళ్లు మెరుస్తున్నాయి. ఇంకొక్క క్షణం గడిస్తే బస్సు కదిలేది, మా ఊరి ట్రిప్పుకు ఢోకా ఉండేది కాదు.

అవ్వ కిటికీలోంచి నన్ను చూసింది. లేచి నిలబడింది.

"దిగుండ్రి" అంది. "అందరు దిగుండ్రి."

మా నాయన ఆమె చెవిలో గుసగుసగా అన్నాడు. "అవ్వా, సారు సూస్తుండు. జర ఊకో."

"సూడనియ్యి. పిల్లల పరీక్ష మనకోసం ఆగుతదా? దిగురా ముందు నువ్వు."

ముందు తనే దిగింది. ఆ వెనక పట్టుచీరలు, సద్దిమూటలు, చంకపిల్లలు, గనుల పనివాళ్లు వరసగా దిగారు. మంచం పట్టిన ముసలాయనను మళ్లీ ఎత్తి దింపారు. పెద్దసారుకు ఏమీ అర్థం కాలేదు. "ఏమైందమ్మా? ఎందుకు దిగుతున్నరు?" అని తలుపు దగ్గరికి వచ్చాడు.

అవ్వ తలెత్తి ఆయన ముఖంలోకి చూసి చెప్పింది. ఆమె గొంతు ఆ రోజు కూడా తగ్గలేదు.

"మాకు తాండూర్ల ఏం పన్లేదు సారు. మీకు సూపెట్టనీకె ఎక్కినం. అబద్ధమెందుకు, మా ఊరు గింతె. రోజు ఎక్కేది గీ పిల్లలు, ఎనక ఒకరో ఇద్దరో పనున్నోళ్లు. గింత మందికి బస్సు ఉంచుతరో తీస్తరో మీ ఇష్టం. గాని యాళ్లయింది, పోనియ్యుండ్రి."

మేం ఎక్కాం. బస్సు దాదాపు ఖాళీగా కదిలింది. వెనక అద్దంలోంచి చూస్తే, పండుగ బట్టల్లో ఊరంతా రోడ్డు మీద నిలబడి ఉంది. పెద్దసారు దారిలో నా పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. "ఏం పరీక్ష?" అన్నాడు. "తెలుగు సార్" అన్నాను. "మంచిగ రాయి" అని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. మమ్మల్ని పరీక్ష సెంటరు దగ్గరే దింపమని డ్రైవరుకు చెప్పింది ఆయనే.

ఆ సాయంత్రం ఊళ్లో ఒక్కరి ముఖం కూడా బాగాలేదు. "ఉన్న బస్సును ముసల్ది సేతులార పోగొట్టింది" అన్నారు. అవ్వకు వినబడేట్టే అన్నారు. ఆ మర్నాడు పొద్దున అవ్వ ఎప్పటిలాగే ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేసి బల్ల మీద కూర్చుంది. మిగతావాళ్లందరికీ ఆ రోజు బడి దగ్గరే ఏదో ఒక పని దొరికింది. ఒకడు అక్కడే గొడ్డలి నూరుతున్నాడు. మా అమ్మ అక్కడే బియ్యం చెరుగుతోంది. ఎవరూ రోడ్డు వంక చూడరు, చెవులు మాత్రం అక్కడే. పొద్దు ఎక్కుతోంది. అవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వాగు మలుపు దగ్గర హారన్ మోగింది.

అవ్వ లేచి బర్రెల మీదికి పోయింది. "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరిచింది. మా నాయన తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

పెద్దసారు ఏం రాశాడో, ఎవరికి చెప్పాడో మాకు ఇప్పటికీ తెలియదు. బస్సు రావడం మాత్రం ఆగలేదు. నేను ఆ బస్సులోనే తాండూరుకు పోయి ఇంటరు, డిగ్రీ చదివాను. నా వెనక పిల్లలు చదివారు, ఇప్పుడూ పోతున్నారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక అవ్వకు ఇక పట్టపగ్గాలు లేవు. "టికెట్టు గూడ లేదాయె, ఇంట్ల కూసోని ఏం జేస్తరే?" అని కొత్త కోడళ్లను తరిమేది. తాండూరు బస్టాండులో మా ఊరి పేరు చెబితే పాత కండక్టర్లు, "బస్సుకు ముగ్గేసే అవ్వ ఊరా?" అంటారు. ఔనంటాను, గట్టిగా అంటాను. ఊరు ఎంత చిన్నదైతేనేం, మాకు అవ్వ ఉంది.

ఇవన్నీ తలుచుకుంటూనే ఆటో దిగి, మెయిన్ రోడ్డు నుంచి నడిచి ఊరు చేరాను. బడి ముందర ఆ జాగాలో ముగ్గు లేదు. పొద్దుటి బస్సు చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి. అది చూశాక నాకు దుఃఖం ఆగలేదు.

పొద్దు వాలకముందే అవ్వను మట్టి చేసి వచ్చారు. కొడుకు తలస్నానం చేసి తడిబట్టలతో వాకిట్లో నిలబడ్డాడు. వాడి ఆటో ఇంటి పక్కనే ఉంది. దూరం నుంచి వచ్చిన చుట్టాలు, ఎవరైనా స్టేషన్ దాకా దింపకపోతారా అని అప్పటికే అందులో ఎక్కి సర్దుకున్నారు. అప్పుడే వాగు మలుపు దగ్గర హారన్ వినబడింది.

బర్రెలు దారికి అడ్డంగా ఉన్నాయి. వాటిని తోలేవాళ్లు లేక బస్సు ఆగిపోయింది. కొడుకు తడిబట్టలతోనే పోయి బర్రెలను పక్కకు తోలాడు. తిరిగి వచ్చి ఆటో దగ్గర నిలబడి, "దిగుండ్రి" అన్నాడు. "ఇయ్యాల ఎవ్వరు ఆటో ఎక్కద్దు. బస్సొచ్చింది, ఖాళీగ పోవద్దు."

చుట్టాలు దిగి బస్సెక్కారు. నేనూ ఎక్కాను. బస్సు నిండింది. చావింటి నుంచి వెళ్లేటప్పుడు పోయొస్తామని ఎవరూ చెప్పరు కదా, ఎవరి దారిన వాళ్లు తలదించుకుని వచ్చి కూర్చున్నాం. డ్రైవరు అవ్వ ఇంటి వైపు తిరిగి చేతులు జోడించి, ఇంజను స్టార్టు చేశాడు.

కొడుకు కిటికీ కిందికి వచ్చాడు. బస్సు రేకు మీద అరచెయ్యి ఆనించాడు.

"అన్నా, పొద్దుగాల టైముకు రావాలె."

బస్సులో అందరూ ఉలిక్కిపడ్డారు. వాకిట్లోంచి వాడి అక్క, ఆ అయిదో తరగతితో చదువు ఆగిన బిడ్డ, పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "తప్పు తమ్మీ, సావింటికాడ గట్ల రమ్మనొద్దు."

"ఇంటికి రమ్మంటలేనక్కా. ఊరికి రమ్మంటున్న."

ఆమె తమ్ముడి ముఖంలోకి చూసింది. అతని చెయ్యి వదిలి, తన అరచెయ్యి కూడా బస్సు రేకు మీద పెట్టింది. ఇద్దరూ డ్రైవరు వంక చూస్తూ నిలబడ్డారు. చేతులు తీయలేదు.

"వస్త" అన్నాడు డ్రైవరు.